నూరక్క చూసుకున్న స్లైడు

గాజుపలకల మీది చిన్న మరకలను చూసి మనిషి ప్రాణానికి పొంచి ఉన్న ముప్పును చెప్పే పనిలో ఇరవై ఆరేళ్లు గడిపి, జుట్టు నెరిసేదాకా ఒకే కిటికీ పక్కన, ఒకే ఎత్తుపీట మీద కూర్చుని, వేలమంది కఫంలో క్షయక్రిములను వెదికిన ఆ ల్యాబు ఉద్యోగినికి, తన స్లైడు తానే చూసుకోవాలనిపించే రోజొకటి వస్తుందని కాలపురుషుడు ఏనాడూ సూచించలేదు.

తోటివారు ఆమెను నూరక్క అంటారు. రంగు వేసి ఆరబెట్టిన స్లైడును మైక్రోస్కోపు కింద కొద్దికొద్దిగా జరుపుతూ నూరు చోట్ల చూడనిదే ‘క్రిమి లేదు’ అని ఎవరినీ రాయనిచ్చేది కాదు. నీలినేల మీద ఎర్రని పుల్లముక్కలా కనిపించే ఆ క్రిమి అంత జిత్తులమారిది. రోగి దగ్గితే గాలిలో తేలి మరొకరి ఊపిరితిత్తుల్లో దిగుతుంది. దేహంలోని కావలికణాలు దాన్ని చుట్టుముట్టి గోడ కడతాయి. ఆ గోడ లోపల ఏళ్ల తరబడి నిద్రపోయి, కావలి సడలిననాడు లేస్తుంది. ఎప్పుడు చొరబడిందో తెలియదు గాని, నూరక్క దేహంలో అది కూతురి కాన్పుకు నెల ముందు లేచింది.

రెండు నెలలుగా ఆమె మాత్రలు మింగుతూ పెరటివైపు గదిలో ఉంటోంది. అదే ఇంట్లో మనవరాలు పుట్టి నెలయింది. పసిదేహపు కావలి ఇంకా యుద్ధం నేర్వలేదు గనుక, కఫం శుభ్రపడేదాకా బిడ్డను ఎత్తుకోవద్దన్నారు డాక్టరు. కూతురు కిటికీ అవతల నిలబడి చూపిస్తుంది. ఇవతల ఆమె చేతులు ఊరికే ఒళ్లో పడుంటాయి.

రెండో నెల పరీక్షకు ల్యాబుకు వెళ్లిందా రోజు. ఆమె దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి స్లైడుకు రంగు వేసి ఆరబెట్టి, రిపోర్టులు ఇచ్చి రావడానికి పైఅంతస్తుకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి, ముక్కుకు మాస్కుతో నూరక్క తన పాత పీట దిగుతోంది.

“చూసేశావా అక్కా? ఎవరి స్లైడు వాళ్లు చూసుకోకూడదని నాకు గడ్డిపెట్టింది నువ్వే కదా.”

“ఏం లేదే, శుభ్రంగా ఉంది. పాపకి స్నానం చేయించి ఉంచమని ఇంటికి ఫోన్ కూడా చేసేశా.”

“ఎన్ని చోట్ల చూశావు?”

నూరక్క పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టింది. “ఎనభై.”

“బాగుంది వరస. తొంభైతొమ్మిది చూసి లేచానని నన్ను మళ్లీ మొదట్నుంచి కూర్చోబెట్టిన మనిషివి. జరుగు.”

ఆ అమ్మాయి చూపు తొంభైనాలుగో చోట ఆగింది. లేచి పీట ఇచ్చింది. నూరక్క వంగి చూసింది. రెండు ఎర్రని పుల్లలు, పక్కపక్కనే.

“రెండేగా అక్కా. మందు పనిచేస్తోంది. మొదటిసారి లెక్కపెట్టలేక వదిలేశాం, గుర్తుందా?”

“ఉంది. రెండని రాయి.”

వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేసింది.

“స్నానమైందమ్మా, కొత్త గౌను వేశా. ఎంతసేపట్లో వస్తావు?” అంది కూతురు.

“బయలుదేరుతున్నా. కిటికీ దగ్గరికే తీసుకురా.”

“అదేంటి, ఇందాక నువ్వే...”

“తొందరపడ్డానే. ఇంకో నెల.”

“నీ మనవరాలు మూతి ముడుచుకుంది, నువ్వే సముదాయించు” అంటూ కూతురు ఫోన్ బిడ్డ దగ్గర పెట్టింది. నూరక్క ఆ చిన్ని ఉచ్ఛ్వాస నిశ్వాసాలను వింటూ, వరండాలోనే చాలాసేపు నిలబడిపోయింది.

ఆ తల్లి దేహం ఈ పోరులో సంపూర్ణంగా జయించుగాక. వచ్చే నెల ఆ పసిపాప ఆమె గుండెల మీద ఆదమరచి నిద్రించుగాక. ఆ ఇంటిల్లిపాదికీ పరమాత్ముడు ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక.