ఉసిరికాయ పెట్టి పిలిచిన మనిషి

మా కాలనీలో కార్తీక వనభోజనాలు ఆగిపోయి రెండేళ్ళు దాటింది. ఎందుకు ఆగాయని కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే తలా ఒక సాకు చెబుతున్నారు. తోట దూరమైందట, వంటవాళ్ళు దొరకడం లేదట, పిల్లలకు పరీక్షలట. వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. డెబ్బయ్యో పడిలో పడబోతున్నాను, ఇంకా ఎవరికి జడవాలి నేను? అసలు సంగతి చెబుతాను. అది చెప్పాలంటే రత్నమాణిక్యంగారి గురించి చెప్పాలి.

నా పేరు శ్యామలాంబ. రాజమండ్రిలో ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. కోరుకొండ రోడ్డు వైపున్న ఈ కాలనీలో చిన్న ఇల్లు కట్టుకుని ఒక్కదాన్నే ఉంటున్నాను. మా ఆయన పోయి చాలా కాలమైంది. కూతురు కౌముది కాపురం తణుకులో.

మాణిక్యంగారిది కోనసీమ. తొంభయ్యారు తుఫానులో వాళ్ళ కొబ్బరితోట మొత్తం నేలకు ఒరిగిపోయింది. మోళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. భర్త జగన్నాథరావుగారు ఉన్న కాస్త వరిచేను కౌలుకిచ్చేసి, రాజమండ్రి వచ్చి కొబ్బరికాయల కొట్టు పెట్టుకున్నారు. ఆ దంపతులకు పిల్లల్లేరు. మా వీధి చివరి ఇంట్లో అద్దెకు దిగారు. అప్పటికి ఈ కాలనీ ఎలా ఉండేదో చెబితే నవ్వుతారు. గేటు వేసుకుంటే మళ్ళీ పాలవాడికే తియ్యడం. సాయంత్రమైతే ప్రతి ఇంట్లోనూ టీవీ చప్పుడు వినిపించేది తప్ప మనిషి మాట వినిపించేది కాదు. ఆవిడ వచ్చిన నాలుగు నెలలకు కూడా ఆవిడ పేరు ఎవరికీ తెలియదు.

ఆవిడకు గుండెదడ పట్టుకుంది. గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, లేచి కూర్చునేదిట. డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే, గుండెకేమీ లేదు, ఇది మనసుకు పట్టిన జబ్బు అని నిద్రమాత్రలు రాసి, నలుగురిలో తిరుగుతూ ఉండమ్మా అన్నాడుట. ఈవిడ ఊరుకుంటుందా? ఆ నలుగురూ ఎక్కడున్నారో కూడా రాసివ్వండి డాక్టరుగారూ, వెళ్ళి తెచ్చుకుంటాను అన్నదిట. ఈ మాట తరవాత ఆవిడే ఎన్నోసార్లు చెప్పి నవ్వించేది. నవ్వుతూ చెప్పినా, నిజంగానే ఆ నలుగురినీ వెతకడానికి బయలుదేరింది.

కాలనీ దాటి కొంత దూరం వెళితే మామిడితోట ఉంది. తోట మధ్యలో ఒక పెద్ద ఉసిరిచెట్టు. అక్కడ నిలబడితే కోరుకొండ నరసింహస్వామి కొండ దూరంగా కనిపిస్తుంది. తోట కాపలా ఉండే వెంకన్నను మంచి చేసుకుని, చెట్టు కింద చోటు ఊడిపించి, ఆ కార్తీకంలో వనభోజనాలకు ముహూర్తం పెట్టింది. ఆదివారం ఉసిరికాయ తినకూడదు కదా అని ఒకరిద్దరు అడ్డు పుల్ల వేశారు. ఆఫీసులకు సెలవు ఆ రోజే కదండీ, పచ్చడి విడిగా పెడతాను, తినేవాళ్ళు తినండి, లేనివాళ్ళు కంద బచ్చలి కూరతో సరిపెట్టుకోండి అని నోరు మూయించింది.

కుంకుమ భరిణ పట్టుకుని ఇంటింటికీ తిరిగి, బొట్టు పెట్టి పిలిచింది. అలా తిరుగుతూ మా ఇంటికీ వచ్చింది.

మా వీధిలో అంతకు ముందు ఏ పేరంటమైనా నా గేటు దాటుకుని పక్కింటికి వెళ్ళిపోయేవారు. నాకది అలవాటైపోయింది. పోన్లే, నేనూ వాళ్ళను చూడనట్టే ఉండేదాన్ని. ఈవిడ కొత్త మనిషి, తెలియక గుమ్మం ఎక్కేసింది. తలుపు తీసిన నన్ను చూసింది, నా నుదురు చూసింది, చేతిలో భరిణ చూసుకుంది. ఇప్పుడేదో గొణిగి వెనక్కి తిరుగుతుంది అనుకున్నాను. భరిణ మూత పెట్టేసి సంచిలో పడేసింది. ఆ సంచిలోంచే ఒక ఉసిరికాయ తీసి, నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఆదివారం మీరు తప్పకుండా రావాలండి. చెట్టు కింద కూచోడానికి బొట్టెందుకండీ?" అంది.

తలుపు వేసుకున్నాక చాలాసేపు ఏడిచాను. సిగ్గెందుకు, ఏడిచాను. అన్నేళ్ళలో నన్ను ఒకరు పిలవడం అదే మొదటిసారి.

ఆ ఆదివారం తోటకు మరో మనిషిని కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మా ఎదురింటి శ్రీదుర్గ, బ్యాంకు గుమస్తా భార్య. పురిట్లో బిడ్డ పోయింది ఆ పిల్లకు. అప్పట్నుంచి పెరట్లోకి కూడా వచ్చేది కాదు. మాణిక్యంగారు ఆ పిల్లను ఓదార్చలేదు, ఏమీ అడగలేదు. కొబ్బరికాయలూ, కోరామూ చేతికిచ్చి, చెట్టు మొదట్లో కూచోబెట్టి, బూరెల్లోకి కోరి పెట్టమ్మా అంది. కొబ్బరి కోరుతూ కోరుతూ ఆ పిల్ల ఉన్నట్టుండి మాట్లాడ్డం మొదలుపెట్టింది. బిడ్డ జుట్టు ఎంత ఒత్తుగా ఉందో చెప్పింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళం పనులాపి విన్నాం. పూర్ణం బూరెలు ఆలస్యమైనా ఎవ్వరూ కిమ్మనలేదు.

ఆ తరవాత వనభోజనాలతో ఆగలేదు. శనివారం సాయంత్రాలు వాటర్ ట్యాంకు దగ్గరున్న సిమెంటు బల్లల మీద చేరేవాళ్ళం. ఒకరి కోడలి గోల, ఒకరి షుగరు, ఇంకొకరి తాగుడు మొగుడు. అన్నీ అక్కడికే వచ్చేవి. మాణిక్యంగారు సలహాలు చెప్పేది కాదు, ఊఁ కొట్టేది. జగన్నాథరావుగారు కొట్టు కట్టేసి వస్తూ, దూరంగా సైకిలు ఆపుకుని, సభ ముగిసిందాండీ అని వేళాకోళం ఆడేవారు. ఊళ్ళో అప్పుడప్పుడే ఏ కులం వాళ్ళకా కులం వనభోజనాలు, బ్యానర్లు, మైకులు మొదలయ్యాయి. మా తోటలో మాత్రం వీధంతా ఒకే పంక్తి. పులిహోర ఎప్పుడూ ఆవిడదే. ముందు రోజే చింతపండు పులుసు ఉడికించి ఉంచుకునేది. అలా నాలుగేళ్ళు నడిచింది, అంతకు ముందు ఆవిడ కిటికీలో ఉండే నిద్రమాత్రల సీసా ఆ నాలుగేళ్ళూ కనపడలేదు.

ఆ మరుసటేడు శ్రావణంలో జగన్నాథరావుగారు కొట్లోనే కుప్పకూలిపోయారు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. పదకొండో రోజు దాకా వీధంతా ఆవిడ వెంటే ఉంది, ఆ మాట చెప్పుకోవాలి. తరవాత ఎవరి ఇళ్ళకు వాళ్ళం వెళ్ళాం. ఆవిడ బయటకు రావడం మానేసింది. కొత్తగా అలా అయిన మనిషి ఎదురు రాకూడదని కొందరు అనుకుంటారు కదా, అది ఆవిడకూ తెలుసు. నేను రోజూ సాయంత్రం వెళ్ళి కూచునేదాన్ని. కార్తీకం రానియ్యండి, తోటకు వెళ్దాం అని నేనంటే తల ఊపేది. ఆవిడ ఆశ పెట్టుకున్నది ఆ ఒక్క రోజు మీదే. ఆ చెట్టు కిందకు వెళ్ళి నలుగురి మధ్యా కూచుంటే మళ్ళీ మనిషినవుతానని నాతో అంది.

సరిగ్గా అప్పుడే నా కంటికి శుక్లం ముదిరింది. కౌముది వచ్చి తణుకు తీసుకుపోయి ఆపరేషన్ చేయించింది. కార్తీకమంతా కళ్ళకు పచ్చ అద్దాలు పెట్టుకుని అక్కడే ఉండిపోయాను. ఎవరో ఒకరు పిలుస్తారులే, ఆవిడను పిలవకుండా వనభోజనాలేమిటి అనుకున్నాను. అంతకంటే వేరే ఆలోచన రాలేదు.

మార్గశిరంలో తిరిగొచ్చి, సామాను దింపగానే ఆవిడ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ముందు గదిలో కుర్చీలో కూచుని ఉంది. కిటికీలో మాత్రల సీసా మళ్ళీ కనిపించింది.

ఎలా ఉన్నారండీ అంటే, కన్ను ఎలా ఉందండీ అని ఎదురు అడిగింది. తరవాత కాసేపటికి, ఈసారి పులిహోర ఎవరు కలిపారో గాని ఉప్పు తక్కువైందండి అంది. అంటే వెళ్ళారన్నమాట అని నేను సంతోషపడబోయాను. లేదండీ, సాయంత్రం క్యారియర్ పంపారు అంది.

కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూచున్నాను. మెల్లగా అంతా చెప్పింది. శనివారం పులుసు ఉడికించి పెట్టుకుందట. ఆ మధ్యాహ్నమే బొట్టు పెట్టి పిలవడానికి వస్తారని తెలుసు, ఆ పద్ధతి పెట్టింది తనే కదా. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని కూచుందట.

"గేటు చప్పుడైందండి. గబగబా వెళ్ళి ముఖం మీద ఇన్ని నీళ్ళు చల్లుకుని వచ్చాను. వచ్చి చూస్తే గేటు మూసి ఉంది, ఎవరూ లేరు" అంది.

పిలవకపోతేనేం, మీరే వెళ్ళాల్సిందండీ, అది మీ తోట అన్నాను. నేను వెళ్తే భరిణ పట్టుకున్న వాళ్ళ ముఖాలెలా మారిపోతాయో నాకు తెలుసు పంతులమ్మగారూ, మీ గుమ్మంలో నిలబడ్డ రోజు నా ముఖమూ ఒక్క క్షణం అలాగే మారిపోయుంటుంది అంది. ఏడవలేదు. ఏడిచినా బాగుండును. ఉడికించిన పులుసు ఏం చేశారంటే, పారబోశాను అంది.

నేను అక్కణ్ణుంచి తిన్నగా శ్రీదుర్గ ఇంటికి వెళ్ళాను. ఆ ఏడు భరిణ పట్టుకుని తిరిగింది ఆ పిల్లే. ఎడాపెడా తిట్టాను. ఎంత మాట పడితే అంత మాట అన్నాను, ఇప్పటికీ నాకందులో పశ్చాత్తాపం లేదు. ఆ పిల్ల గోడకు చేరగిలబడి వింది.

"గేటు తీశాను పిన్నిగారూ. చేతిలో కుంకుమ ఉంది. అది పట్టుకుని అక్కయ్యగారి ఎదట ఎలా నిలబడను? ఇంకెవరైనా వెళ్ళి నోటితో చెబుతారులే అనుకుని వెనక్కి వచ్చేశాను."

వీధంతా అంతే. అడిగిన ప్రతివాళ్ళూ ఇంకెవరో చెప్పుంటారనే అనుకున్నారట. ఏడాది తిరగలేదు కదా, పిలిచి నొప్పించడమెందుకని మరికొందరు. అందరికీ ఆవిడంటే ప్రేమే, నిక్షేపంలాంటి ప్రేమ. ఆ ప్రేమతోనే ఇంట్లో కూచోబెట్టారు. నన్ను ఉసిరికాయ పెట్టి పిలిచిందే ఆవిడ, ఆ సంగతి వీధి మొత్తానికి తెలుసు, ఒక్కరికైనా గుర్తు రాలేదేమిటే అని శ్రీదుర్గను అడిగాను.

ఆ పిల్లను వెంటబెట్టుకుని మాణిక్యంగారింటికి వెళ్ళాను. ఆవిడ కాళ్ళ దగ్గర కూచుని భోరుమంది. మాణిక్యంగారు తల నిమిరి, ఊరుకోమ్మా, నువ్వు కావాలని చేశావా అని, కాఫీ ఇచ్చి పంపింది. క్షమించింది. కానీ శనివారాలు ట్యాంకు దగ్గరకు రమ్మంటే ఓపిక లేదండీ అనేది. క్రమంగా ట్యాంకు దగ్గరకు మిగతావాళ్ళు రావడమూ తగ్గింది.

మళ్ళీ కార్తీకం వచ్చింది. ఈసారి భరిణ వద్దని నేనే శాసించాను. సంచి నిండా ఉసిరికాయలు కొని, ముత్తయిదువులకూ, నాలాంటివాళ్ళకూ, అందరికీ అవే పెట్టి పిలుద్దామన్నాను. శ్రీదుర్గ సంచి పట్టుకుంది. మొదటి పిలుపు మాణిక్యంగారికే అనుకుని, పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం.

గేటు తీశాను. తుప్పు పట్టి గట్టిగానే చప్పుడైంది. తలుపు బార్లా తెరిచి ఉంది. ఎవరూ రాలేదు. మాణిక్యంగారూ అని పిలిచాను, అప్పటికీ రాలేదు. లోపలికి పరిగెత్తాను. ఆవిడ ఆ కుర్చీలోనే, కళ్ళు తెరుచుకునే, కూచుని ఉంది. గేటు చప్పుడు వినపడలేదాండీ, ఎంత కంగారు పెట్టారు అని కసిరాను.

"వినపడిందండి. గేటు చప్పుడైతే లేవడం మానేశాను" అంది.

శ్రీదుర్గ ఆ మాట విని సంచి గుమ్మంలో దించేసి, వీధిలోకి వెళ్ళిపోయింది. నేను ఒక ఉసిరికాయ తీసి ఆవిడ అరచేతిలో పెట్టాను. వేళ్ళు మూసుకోలేదు. నేనే ఒక్కొక్కటీ మూశాను. కాసేపటికి కాయ ఒళ్ళోకి జారింది.

ఆదివారం ఆవిడ తోటకు రాలేదు. నేనూ వెళ్ళలేదు. ఆవిడ ఇంటికెళ్ళి, స్టవ్ మీద ఇంత అన్నం పడేసి, పప్పు చేశాను. చెరో కంచంలో పెట్టుకుని ఆ ముందు గదిలోనే కూచున్నాం. ఆవిడ రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. తోటకు ఎంతమంది వెళ్ళారో, పులిహోర ఎవరు కలిపారో నేను ఎవరినీ అడగలేదు. ఆ పై ఏడాది నుంచి ఎవరూ ఎవరినీ పిలవలేదు.