దొరసాని బోణీ

బాపట్ల కూరగాయల బజారులో నా ఉల్లిపాయల కొట్టు పక్కనే మాణిక్యమ్మ ఆకుకూరల బుట్ట పెట్టుకునేది. మొగుడు పోయిన మనిషి. తెల్లవారకముందే తోటలకు వెళ్ళి, చేతిలో ఉన్న నాలుగు రూపాయలకీ తోటకూర, బచ్చలి, గోంగూర కొనుక్కొచ్చేది. మధ్యాహ్నానికి బుట్ట ఖాళీ అయితేనే మర్నాటికి సరుకు. వడిలి మిగిలిందా, కూలికి పోవాల్సిందే.

1968లో వరి వంగడాల మీద పరిశోధన చేయడానికి ఒకాయన ఫిలిప్పీన్స్ నుంచి భార్యాపిల్లలతో మా ఊరొచ్చాడు. ఆవిడదీ మన చామనచాయే, తినేదీ వరన్నమే. అయినా ఇంగ్లీషు మాట్లాడుతుంది గనక ఊరికి దొరసానే! మావాళ్ళు ఆవిడకు అన్నీ రెట్టింపు ధరలు చెప్పారు. ఇంట్లో ముగ్గురు పిల్లలు, గీచి గీచి వాడుకోవాల్సిన జీతం. నెల తిరక్కుండానే ఆవిడ మా గుట్టు కనిపెట్టేసింది. బోణీ కాకముందు వచ్చినవాళ్ళను ఏ వ్యాపారీ ఉత్తచేతులతో పంపడు. ఇక చూస్కోండి, రోజూ ఆరింటికల్లా సంచీతో మాణిక్యమ్మ ముందు ప్రత్యక్షం! మాణిక్యమ్మ అందరికీ చెప్పినట్టే నాలుగు కట్టలు నలభై పైసలంటే రెండు పది పైసల బిళ్ళలు చూపేది. కాదంటే వెనక్కి తిరిగేది.

"వెళ్ళకండమ్మా, బోణీ వేళ! తీసుకోండి" అని మాణిక్యమ్మ ఇచ్చేసి, ఆ బిళ్ళలు కళ్ళకద్దుకునేది.

నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక, ఆ ఇంట్లో వంటచేసే జానీ బీని పిలిచాను. "పేదదాని పొట్టకొట్టి తెచ్చిన కూర పిల్లలకి వంటబట్టదని మీ అమ్మగారికి చెప్పు" అన్నాను.

"అంతమాట నేనెలా చెప్పేది అన్నా?" అంది గానీ, చెప్పింది.

మర్నాడు ఏడయింది, ఎనిమిదయింది, దొరసాని జాడ లేదు. ఎవరొచ్చినా మాణిక్యమ్మ, "ఇంకా బోణీ కాలేదండి, కాసేపాగి రండి" అని పంపేస్తోంది.

"నీకేమన్నా మతిపోయిందా? అమ్ముకోవమ్మా!"

"నీకు తెలీదన్నయ్యా. ఆవిడ చెయ్యి మంచిది. ఆవిడ బోణీ చేసిన కాడ్నుంచీ ఒక్క కట్ట మిగిల్తే ఒట్టు! ఇంకో చెయ్యి పడితే అది పోద్ది."

ఆవిడను ఆపించింది నేనేనని అప్పుడే చెప్పాల్సింది. తక్కెడ సర్దుకుంటూ ఉండిపోయాను.

పదకొండు దాటాక, బజారు పల్చబడ్డాక దొరసాని వచ్చింది. తలెత్తకుండా, బేరమాడకుండా నలభై పైసలూ పెట్టింది. మాణిక్యమ్మ ఇరవై వెనక్కివ్వబోతే వద్దని చెయ్యూపి, గబగబా వెళ్ళిపోయింది.

"పాపం, ఒంట్లో బాగోలేదేంటో! బేరం కూడా ఆడలేకపోయింది" అంటూ మాణిక్యమ్మ ఆ డబ్బులు కళ్ళకద్దుకుంది. బుట్టనిండా కూర వాడిపోయి ఉంది. కొనేవాళ్ళు ఎవరూ లేరు.

మర్నాడు ఆమె నాట్లకు కూలికి పోయిందని తెలిసింది. ఎనిమిదింటికి దొరసాని వచ్చి, ఖాళీ చోటు చూసి, "మాణిక్యమ్మ?" అని నన్నే అడిగింది. గుప్పిట్లో నలభై పైసలు పట్టుకునే ఉంది. నేను అర్థం కానట్టు మొహం పెట్టి, ఎవరూ అడగని ఉల్లిపాయలు తూస్తూ కూర్చున్నాను.