కండక్టర్ జయరాజ్ పెట్టిన పేరు

ఆర్మూర్ డిపోలో కండక్టర్‌గా చేసినంతకాలం జయరాజ్ సంచిలో ఒక డిటెక్టివ్ నవల ఉండేది. భీమ్‌గల్‌లో బస్సు తిరిగి బయలుదేరేలోపు డ్రైవరు కునుకు తీస్తే, ఇతను వెనక సీట్లో కూర్చుని హంతకుణ్ణి పట్టుకునే పనిలో ఉండేవాడు. చాలాసార్లు సగం పుస్తకానికే పట్టేసేవాడు. మిగతా సగం చదివేది రాసినవాడి తప్పులు వెతకడానికి. 2003లో రిటైరయ్యాక ఇక తానే రాయడం మొదలుపెట్టాడు.

"ఇన్నేండ్లు టికెట్లు కోసినవ్. ఇప్పుడు తలకాయలు కోస్తున్నవా?" అని భార్య రూత్ నవ్వేది. "పాస్టర్‌గారు అడిగితే కీర్తనలు రాస్తున్నడని చెప్త. నా పరువు తియ్యకు."

రాసిన కాగితాలు మొదట నాకు ఇచ్చేవాడు. లైబ్రరీలో ఎదురెదురు కుర్చీల పరిచయం మాది. కథ మా ప్రాంతానిదే. పసుపు ఉడికించే రోజుల్లో, పొలంలో, మరుగుతున్న పెద్ద కడాయిలో పడి ఒక ఇల్లాలు చనిపోతుంది. కాలు జారిందంటాడు భర్త. అతనే తోశాడని చివరికి తేలుతుంది. ఆవిరిలోంచి ఆమె చెయ్యి ఒకటి పైకి లేస్తుంది. అందుకోగలిగినంత దగ్గరలోనే ఉండి కూడా అతను చేతులు కట్టుకుని చూస్తుంటాడు. ఆ పేజీ చదివిన పూట నాకు అన్నం సయించలేదు. చిల్లర లేదని ముసలమ్మలను దింపేయడానికి కూడా మనసొప్పని మనిషి, ఇదంతా ఎక్కణ్ణుంచి తెచ్చాడో అర్థం కాలేదు.

ఆ భర్తకు నడిపి ముత్తెన్న అని పేరు పెట్టాడు. మా దిక్కున మొక్కుకుంటే పుట్టిన అన్నదమ్ములకు ఒకటే పేరు పెట్టి, పెద్ద, నడిపి, చిన్న అని పిలుస్తారు. బస్సులో ఎవరు ఎవరిని కేకేసినా ఇతని చెవిన పడేవి అవే పేర్లు. మరో పేరేదైనా చూడమని నేనంటే నవ్వాడు.

"ఊరికొక నడిపి ముత్తెన్న ఉంటడు సార్. అందరికున్న పేరు ఎవ్వనిది కాదు. ఫికర్ చెయ్యకున్రి."

విజయవాడలో నెలనెలా నవలలు వేసే ఒక పబ్లిషరు 2005లో దాన్ని అచ్చు వేశాడు. బస్టాండు పుస్తకాల కొట్టులో అట్ట కనబడేలా వేలాడదీశారు. డ్రైవర్లు, కండక్టర్లు కొన్నారు. చదవడం రానివాళ్ల కోసం టీ హోటల్లో ఒకరు పైకి చదివారు. కథ బస్సులెక్కి ఊళ్లకు పోయింది. అక్కడ మాత్రం జయరాజ్ అనుకున్నదానికి తలకిందులుగా జరిగింది. ఊరికొక నడిపి ముత్తెన్న ఉన్నాడు కాబట్టి, ప్రతి ఊరూ ఇది తమవాడి కథే అనుకుంది. అంకాపూర్‌లో ఒకాయనను భార్య "ఈయేడు కడాయి కాడికి నేను రాను పో" అని ఆటపట్టించిందట. మరోచోట బావమరుదులు ఒకణ్ణి "హంతకుడా, జర చాయ్ తాపియ్" అని పిలిచారట. జయరాజ్ ఇవన్నీ చెప్పి మురిసిపోయేవాడు.

కమ్మర్‌పల్లి దిక్కు ఒక ఊళ్లో ఉన్న నడిపి ముత్తెన్న భార్య, గంగామణి, నిజంగానే కడాయిలో పడి చనిపోయింది. అది చాలా ఏళ్ల నాటి మాట. జయరాజ్ ఆ రూటులో ఎప్పుడూ పోలేదు, ఆ సంగతి వినలేదు. కానీ కండక్టరుకు తెలియని ముచ్చట ఉంటుందా అంది ఊరు.

ఒక ఉదయం ఆ ముత్తెన్న ఆర్మూర్ వచ్చి, ఇల్లు వెతుక్కుని, గడప బయటే నిలబడ్డాడు. నేనప్పుడు అక్కడే ఉన్నాను. రూత్ కుర్చీ వేసినా కూర్చోలేదు.

"సారూ, నాకు సదువు రాదు. నా పెండ్లాం గంగామణి గూడ కాలు జారి కడాయిల పడే పోయింది. నా బిడ్డ దివ్యశ్రీ ఇంటర్ సదువుతది. కాలేజీల ఎవలో ఆమెకు మీ బుక్కు ఇచ్చిన్రు. అది సదివినప్పటిసంది నా చేత్తోని పెట్టిన బువ్వ తింటలేదు. వాళ్ల మేనమామ తీస్కపోతనంటున్నడు. మీరొక్కసారి వచ్చి, గా కత ఉట్టిదే అని చెప్పున్రి. మీ కాళ్లు మొక్కుత."

"ఉట్టిదే తమ్మీ. అంత ఉట్టిదే. వస్త పా" అన్నాడు జయరాజ్. నన్నూ తోడు రమ్మన్నాడు.

మేం వెళ్లేసరికి మేనమామ ఎల్లయ్య భీమ్‌గల్ నుంచి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. అమ్మాయి బట్టల సంచి సర్ది ఉంది. దర్వాజ దగ్గర నలుగురు చేరారు. జయరాజ్ నిలబడే చెప్పాడు. ఈ ఊరు తాను చూడలేదనీ, గంగామణి పేరు ఆ పొద్దుటిదాకా వినలేదనీ, ఆ పేరు ఊరికే పెట్టిందనీ.

ఎల్లయ్య అంతా విని తల ఊపాడు. "అన్నా, నేను గూడ సదివిన. ఆ చెయ్యి మీదికి లేసుడు, వీడు సూసుకుంట నిలవడుడు... సూడనోడు గట్ల రాస్తడా? ఉట్టిదే అయితే గంత మంచిగ ఎట్ల రాసినవ్?"

ఏ రచయితయినా తన గురించి వినాలనుకునే మాటే అది.

"పోలీసోళ్లకు భయపడి గిట్ల మాట్లాడ్తున్నవ్ గని" అని గుమ్మంలో ఎవరో గొణిగారు.

అప్పుడు జయరాజ్ అమ్మాయి వైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. నవల అంటే కల్పన. నీకు తెల్వదా?"

"తెలుసు సార్" అంది దివ్యశ్రీ. మాటలో కోపం లేదు. "అమ్మ పోయినప్పుడు నేను చిన్నగున్న. చెట్టు కింద పండుకున్ననంట. ఏం సూడలే. ఇన్నేండ్లు అమ్మ అంటే నాకు ఫోటోనే. ఇప్పుడు కండ్లు మూస్తే ఆ చెయ్యి కనవడ్తది. పక్కన బాపు నిలవడి ఉంటడు. ఉట్టిదే అని మీరంటే నమ్ముత. గని కనవడుడైతే ఆగుతలేదు. ఈ ఇంట్ల ఆయన ముంగట నేనెట్ల కూసోవాలె?"

ముత్తెన్న కూతురి దగ్గరికి రెండడుగులు వేసి ఆగిపోయాడు. అలా చేతులు వేలాడేసి నిలబడ్డ అతన్ని చూస్తూ, ఒక్క క్షణం నాకూ ఆ పేజీయే గుర్తొచ్చింది. చూపు తిప్పుకున్నాను. జయరాజ్ అప్పటికే నేల చూస్తున్నాడు.

ఎల్లయ్య సంచి భుజానికెత్తుకున్నాడు. అమ్మాయి అతని వెనకే వెళ్లిపోయింది. గుమ్మం దగ్గరి జనం ఆమెకు దారిచ్చి, వాళ్లూ మెల్లగా కదిలారు.

"మళ్ల అచ్చు వేపిస్త తమ్మీ. పేరు మారుస్త" అన్నాడు జయరాజ్.

ముత్తెన్న ఆ మాట పట్టించుకోలేదు. "సారూ, బుక్కుల గా ముత్తెన్నను ఆఖరికి ఏం జేసిన్రు?"

"జైలుకు పోతడు."

"వాడే నయం" అన్నాడు ముత్తెన్న. "జైలుకు పోయినోడు ఎప్పుడో ఒకప్పుడు బయటికొస్తడు."