డ్రైవర్ లేనిదే ముట్టని దుర్గయ్య

చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ పక్క సందులో, ఒక పాత మేడ మెట్ల కింద, దుర్గయ్య బ్యాటరీల దుకాణం ఉండేది. బోర్డు లేదు. బయట నాలుగు స్కూటర్లు, ఒక ఆటో వంగి నిలబడి ఉంటే అదే గుర్తు. ఆయనకు ఒక పట్టింపు ఉండేది. బండి నడిపే మనిషి ఎదురుగా ఉంటే తప్ప స్పానర్ ముట్టేవాడు కాదు. పక్క వీధి బ్యాంకు మేనేజరు తన స్కూటరును ప్యూనుతో పంపితే, "సారును తోల్కరా" అని ప్యూనును వాపసు పంపాడు. మేనేజరు వచ్చి, టై సవరించుకుంటూ అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పుకున్నారు.

తొంభై ఆరు వర్షాకాలంలో నన్నూ అలాగే తిప్పి పంపాడు. నేను తీసుకెళ్లింది మా అబ్బాయి సృజన్ ఎర్ర జీపు. వాడు కూర్చుని తొక్కితే బ్యాటరీతో నడిచే బొమ్మ జీపు. మా అన్నయ్య మస్కట్ నుంచి తెచ్చాడు.

"డ్రైవర్ యాడ?"

"నాలుగేండ్ల పిల్లగాడు దుర్గయ్యగారూ. వానికేం తెలుస్తది? నేను మీటర్ పెట్టి చూసిన. ఆరు వోల్టులు వస్తున్నయి."

"మీటరు నడుపుతదా బండిని? డ్రైవర్‌ను తీస్కరండి."

నేను నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆ మాట నాకు గుచ్చుకుంది. కానీ నా పరేషాను జీపు గురించి కాదు, సృజన్ తిండి గురించి. జీపులో తప్ప వాడు అన్నం తినడు. అశోక్ నగర్‌లో మేముండే మూడంతస్తుల ఇంటి చుట్టూ సిమెంటు బాట ఉంది. పక్క సీటులో పళ్లెం పెట్టి, అయిదు ముద్దలు కలిపి పంపితే, ఒక చుట్టు తిరిగి ఖాళీ పళ్లెంతో వచ్చేవాడు. నెల రోజులుగా ఏ పూట ఎన్ని ముద్దలో నోటుపుస్తకంలో రాస్తున్నాను. బరువు కూడా పెరిగాడు. యాభై మీటర్ల చుట్టుకు నాలుగు నిమిషాలు పట్టడం ఒక్కటే లెక్కకు అందలేదు. బ్యాటరీ నీరసపడుతోందని రాసుకున్నాను. జీపు ఆగిపోయి రెండు రోజులు. ఈ రెండు రోజుల్లో నేను పెట్టిన ముద్ద ఒక్కటీ వాడు మింగలేదు.

ఆ సాయంత్రం డ్రైవరును హాజరు పరిచాను. దుర్గయ్య స్టూలు తుడిచి వేశాడు.

"కూసో అన్నా. బండి ఎప్పటిసంది నడుస్తలేదు?"

"మొన్నటిసంది," అన్నాడు సృజన్, కాలు మీద కాలు వేసుకుని.

"ఏం తకలీబు?"

"పెడల్ కిందికి పోతలేదు."

"తింటలేడు కదా, తొక్కే బలం లేదు వానికి," అన్నాను.

"మేడమ్, నేను డ్రైవర్‌తోని మాట్లాడుతున్న." మళ్లీ వాడి వైపు తిరిగాడు. "ఆగేముందు బండిల ఏం పోసినవ్?"

"పప్పన్నం."

దుర్గయ్య మీసం కదిలింది. "అంతకు ముందు?"

"పెరుగన్నం. బెండకాయ కూడ."

పెడల్ మరలు విప్పాడు. దాని కింద సందులో, లోపలి డొల్ల నిండా, నెల రోజుల నా వంట గట్టిపడి సిమెంటులా కూర్చుని ఉంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే పెళ్లలు పెళ్లలుగా ఊడింది. బెండకాయ ముక్కను నేను గుర్తుపట్టాను.

"ఎందుకు పెట్టినవ్ రా?"

"నువ్వే చెప్పినవ్ కద! ఛార్జింగ్ పెడుతూ, బండికి ఆకలైంది, అన్నం తింటదని."

నిజమే. కరెంటు గురించి నాలుగేళ్లవాడికి అర్థమయ్యేలా చెప్పానని ఆ రోజు ఎంతో మురిసిపోయాను.

"మీ పాఠం పిల్లగానికి మంచిగ ఎక్కింది మేడమ్," అన్నాడు దుర్గయ్య. తరువాత వాడితో గంభీరంగా, "డ్రైవరన్నా, ఈ కంపెనీ బండికి పప్పు పడది. కరెంటే పెట్టాలె," అన్నాడు. వాడు తల ఊపాడు, ఒక డ్రైవరు మరో డ్రైవరుకు ఊపినట్టు.

"మరి నువ్వేం తిన్నవ్ ఇన్ని రోజులు?" అని అడిగాను.

"రొట్టె," అన్నాడు.

జీపు ఇల్లు చేరగానే బయలుదేరింది. వెనకే నడిచాను. ఇంటి వెనుక, మా వాచ్‌మన్ భార్య కురుమమ్మ పొయ్యి ముందు అది ఠక్కున ఆగింది. ఆమె పెనం మీది జొన్న రొట్టె తీసి ముక్క తుంచి, నన్ను చూసి చేయి ఆపింది.

"రోజు ఖాళీ పల్లెం వట్టుకొని వస్తుండె అమ్మా. బండి లేకున్నా ఈ రెండు దినాలు నడుసుకుంటనే వచ్చిండు. మీ ఇంట్ల ఏమన్న ఇబ్బందేమో, అడిగితె మీ మనసు నొస్తదని అడగలే. ఊకె పెట్టిన."

సృజన్ ముక్క తర్వాత ముక్క నములుతున్నాడు, వెల్లుల్లి కారం పెదవులకంటి. నాలుగు నిమిషాల లెక్క అక్కడ తేలింది. గట్టు మీద కూర్చుంటే కురుమమ్మ నాకూ సగం రొట్టె పెట్టింది. ఆ రాత్రి నోటుపుస్తకంలో నెల రోజుల ముద్దలన్నీ కొట్టేసి, జొన్న రొట్టె అని రాశాను. బరువు మాత్రం అలాగే ఉంచాను.

దసరా ముందు మా స్కూటరు మొరాయించింది. "నాకు బషీర్‌బాగ్‌లో మీటింగ్ ఉంది, దుర్గయ్య దగ్గరికి నువ్వు తీసుకెళ్లు," అన్నారు మా ఆయన ప్రహ్లాద్.

"కుదరదు," అన్నాను. "మీరే పోవాలె. దానికి ఏం తినిపించిన్రో దారిల యాది చేసుకోండి."