గోడకీ రేకుకీ నడుమ సందు

డెబ్భైలలో, మా పెళ్లయిన మూడో ఏడు, విజయవాడలో మా డాబా ఇంటి వెనక గోడకు ఆనించి వంటకని రేకుల వసారా ఒకటి దింపాం. చూడటానికి వచ్చిన మునిసిపాలిటీ ఓవర్సియరు గారు అంతా బాగానే ఉందన్నారు. కానీ గోడకీ రేకుకీ నడుమ సందులోంచి చుక్క కారినా, చూరు నీళ్లు పక్కింటి మీద పడినా సంతకం పెట్టేది లేదన్నారు. మరో పది రోజుల్లో వస్తానని చెప్పి వెళ్లారు.

మా ఆయన కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. నీళ్ల సంగతి తనకొకరు చెప్పాలా అని ఆదివారం పొద్దున్నే పంచె ఎగగట్టి నిచ్చెనెక్కారు. సందు పొడుగునా తారు పూసి, మీద రేకు పట్టీ ఒకటి అతికించి, అంచులకు మళ్లీ తారు పూశారు. సగం తారు ఆయన బనీనుకే పట్టింది. కిరసనాయిలు పెట్టి రుద్దినా వదల్లేదు.

వారం తిరక్కుండానే వాన పడింది. నేను తాలింపు వేస్తుంటే మూకుట్లో చుక్క పడి చిటపటలాడింది. తలెత్తి చూస్తే గోడ వెంబడి నీళ్లు తీరిగ్గా దిగుతున్నాయి. మా ఆయన వచ్చి, ఇది కారడం కాదు, గోడ చెమ్మ అన్నారు. అంటూండగానే ఆయన కళ్లద్దాల మీద ఒక చుక్క పడింది. తుడుచుకుని, కారే చోట ఒక గిన్నె పెట్టి వెళ్లిపోయారు.

మర్నాడు బకెట్లు, ట్రంకుపెట్టెలు చేసే సాయిబు గారిని నేనే పిలుచుకొచ్చాను. ఆయన పైకెక్కి తారును గోటితో గీకి చూసి, నవ్వు ఆపుకోవడానికి చాలా తంటాలు పడ్డారు.

"బెజవాడ ఎండకి తారు నిలుస్తదా మాస్టారూ? అప్పుడే బీటలిచ్చింది. గోడ మీద పడ్డ వాన సక్కా ఈ పట్టీ ఎనక్కే పోతందండీ," అన్నారు.

ఆయన రేకుకు జానెడు ఎత్తున గోడలో అంగుళం లోతు గాడి కొట్టారు. కొత్త పట్టీ పై అంచును వంచి ఆ గాడిలోకి దూర్చి, సిమెంటుతో మూశారు. కింది అంచు రేకు మీదికి బాగా వచ్చేలా వాల్చారు. మా ఆయన పక్కనే కూర్చుని, మొదటి బెంచీ విద్యార్థిలా అన్నీ నోటుబుక్కులో రాసుకున్నారు.

సిమెంటు ఆరాక పరీక్ష పెట్టాం. నేను డాబా ఎక్కి పిట్టగోడ మీదనుంచి బిందెలతో నీళ్లు దిమ్మరిస్తుంటే, మా ఆయన లోపల స్టూలెక్కి గోడను కాపలా కాశారు. అయిదో బిందెకు కింద ఎవరో పొలమారినట్టు దగ్గారు. ఓవర్సియరు గారు ఒకరోజు ముందే వచ్చి, చూరు కింద నిలువెల్లా తడిసి నిలబడి ఉన్నారు.

ఫైలు దులుపుకుంటూ ఆయన వంటింట్లోకి వెళ్లి గోడను అరచేత్తో తడిమారు. నేను కొంగుతో చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చేసరికి, "ఈ ఇంట్లో పొడిగా ఉన్నది ఇదొక్కటేనండీ," అని సంతకానికి పెన్ను అడిగారు. ఆయన పెన్నులోకి నీళ్లు పోయాయి.

ఓవర్సియరు గారు తడి చొక్కా విప్పి, మా ఆయనది తొడుక్కుని కాఫీ తాగి వెళ్లారు. ఆ వానాకాలమంతా చినుకు పడితే చాలు, మా ఆయన దిద్దుతున్న పేపర్లు వదిలేసి వంటింట్లోకి వచ్చేవారు. గోడ వంక చూస్తూ ఉల్లిపాయలు తరిగిపెట్టేవారు. నేనెందుకు వద్దంటాను?