లెదర్ బ్యాగు తోలు సంచి అయిన పూట

కరోనా ఆంక్షలు ఎత్తేసిన ఏడాది జూన్‌లో నన్ను మార్కాపురంలోని తోలు వస్తువుల శిక్షణ కేంద్రానికి ఇన్‌చార్జిగా వేశారు. ఇన్‌చార్జి అంటే హోదా, జీతం ఇన్‌స్పెక్టరువి. సంతకాలు, తలనొప్పులు ప్రిన్సిపాలువి. అంతకుముందు ఇరవై ఏళ్ళకు పైగా చెన్నై చుట్టుపక్కల, ఎగుమతికి వెళ్ళే బ్యాగులు, బెల్టులు తనిఖీ చేశాను. కేంద్రం అన్నానని పెద్ద భవనం ఊహించుకోవద్దు. ఒకప్పుడు బడిపిల్లల పలకలు పేర్చి పెట్టిన రేకుల షెడ్డు అది. ఊడ్చిన ప్రతిసారీ పలకల పొడి లేచేది. నిరుడు ఆరోగ్యం సహకరించక ముందుగానే విరమణ తీసుకున్నాను. కాబట్టి ఇది రాయడానికి ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రాయడానికి కారణం ఉంది. ఈమధ్య కంభంలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర పక్క కుర్చీలో ఉన్నాయన ఎవరికో చెబుతున్నాడు: "గిటారుకు తోలు బ్యాగు కొనబాక. లోపల గిటారు ఉడికిపోతదంట. గిద్దలూరులో అట్లనే అయింది." అది అబద్ధం. ఆ అబద్ధం పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. దాన్ని ఆపగలిగినవాణ్ణి కూడా నేనే.

రూతు తర్లుపాడు మండలంలోని ఒక పల్లె అమ్మాయి. తల్లి మార్తమ్మ కూలి పనికి వెళ్తుంది. రూతు ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, ఆదివారాలు చర్చిలో గిటారు వాయించేది. కొత్తగా మంచి గిటారు కొనుక్కుంది. దానితో వచ్చిన పల్చటి గుడ్డ సంచిలో పెట్టుకుని బస్సుల్లో, ఆటోల్లో తిరగడం ఆమెకు భయంగా ఉండేది. వేసవిలో గిద్దలూరులో జరిగే మూడు రోజుల క్రైస్తవ కూటాల్లో మొదటిసారి వాయించే అవకాశం వచ్చింది. మంచి తోలు బ్యాగు ఎట్లా ఎంచుకోవాలో చెప్పమని మా కేంద్రానికి వచ్చింది. ఫోనులో ఒక బొమ్మ చూపించి అడిగింది: "సార్, దీని మీద జెన్యూన్ లెదర్ అని ఉంది. కొనొచ్చా?"

ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పశువు తోలు మందంగా ఉంటుంది. దాన్ని యంత్రం మీద అడ్డంగా పొరలుగా చీలుస్తారు. వెంట్రుకలు ఉండే వైపు పై పొర. బలమంతా అందులోనే ఉంటుంది. కింద మిగిలిన పొరను స్ప్లిట్ అంటారు. దాని మీద ప్లాస్టిక్ పూత పూసి, నకిలీ గీతలు అచ్చొత్తి, జెన్యూన్ లెదర్ అని ముద్ర వేసి అమ్మేవాళ్ళు బోలెడంతమంది. అబద్ధం కాదు, అది తోలే. కానీ రెండేళ్ళలో పూత పొట్టులా లేచిపోతుంది. కొనేటప్పుడు ముద్ర చదవడం మానేసి, పట్టీ చివరో జేబు అంచో చూడాలి. కోసిన అంచు పీచుపీచుగా ఉండి, పైనుంచి కిందికి ఒకే రంగులో ఉంటే నమ్మవచ్చు. బొటనవేలితో నొక్కితే మంచి తోలు మీద సన్నటి ముడతలు చుట్టూ పరుచుకుంటాయి. ప్లాస్టిక్ పూత గుంటపడి ఊరుకుంటుంది.

ఇవన్నీ చెప్పి, బయట కొనే బదులు మా కేంద్రంలోనే కుట్టించుకోమన్నాను. కుట్టేది ఇస్సాకు. మా దగ్గర కాంట్రాక్టు బోధకుడు. వాళ్ళ నాయనా, తాతా చెప్పులు కుట్టినవాళ్ళే. ఇస్సాకుకు నోరు ఎక్కువ, కోపం ఎక్కువ, కొలతల దగ్గర తొందరా ఎక్కువే. ఒకసారి గిటారు మెడ పొడవు తప్పు కొలిచి ముక్క పాడుచేస్తే నేను కేకలేశాను. "మెడ ఇంత పొడుగుంటదని నాకేం దెలుసు సార్? నేను కొలిచిందంతా పాదాలే గదా" అన్నాడు. అతన్ని వరస కలిపి పిలిచే రూతు పడీ పడీ నవ్వింది. "చిన్నాయనా, ఇది మేక మెడ గాదు, గిటారు మెడ" అంది.

బర్రె తోలు గట్టిదే, కానీ అంత పెద్ద బ్యాగుకు వాడితే ఆ పిల్ల భుజం లాగేస్తుంది. మేక తోలు పల్చన. అందుకని మెత్తబరచిన ఆవు తోలు పై పొర తెప్పించాం. లోపల దట్టమైన ఫోము, దాని మీద పీచు రాలని మెత్తటి గుడ్డ. గిటారు కింది కొన నేలకు తగిలే చోట రెండో తోలు ముక్క. మెడ ఊగకుండా లోపల దిండులాంటి ఆనుడు. జిప్పు పళ్ళు గిటారు పాలిషును గీకకుండా వెనక ఒక పట్టీ. భుజం పట్టీలను పైపైన కుట్టి వదిలేయకుండా రెండు పొరల మధ్యకు దూర్చి కుట్టించాను. కుట్లు మరీ దగ్గర దగ్గరగా వేస్తే తోలు తపాలా బిళ్ళల కాగితంలా ఆ గీత వెంబడే చిరుగుతుంది. ఇస్సాకుకు నేను నేర్పవలసి రాని విషయం అదొక్కటే.

చివర్లో ఒక పద్ధతి ఉంది. ఎగుమతి సరుకులో తయారుచేసినవాడి గుర్తు లోపలి వైపు అచ్చు గుద్దుతారు. లోపం వస్తే ఎవరిదో తెలియడానికి. ఆ పద్ధతి ప్రకారం మూత లోపల పేరు గుద్దమన్నాను. ఇస్సాకు నన్ను ఒకటికి రెండుసార్లు అడిగాడు: "నా పేరేనా సార్? సెంటరు పేరు గాదా?" నీ పేరే అన్నాను. 'ఇస్సాకు, తర్లుపాడు' అని గుద్దాడు. చెప్పు మీద చేసినవాడి పేరు ఎవరూ వేయించుకోరు. ఆ బ్యాగు నిలబడితే కూటాలకు వచ్చే చర్చి సంఘాల నుంచి వాద్యాల బ్యాగులకు పని వస్తుందనీ, తను ఇక చెప్పుల ఇస్సాకు కాకుండా పోతాననీ అతని ఆశ. అది అత్యాశేమీ కాదు.

కూటాల మొదటి రోజు పొద్దున నేనూ గిద్దలూరు వెళ్ళాను. ఊరి చివర మైదానంలో షామియానా. నిర్వాహకుల్లో ముఖ్యుడు దేవదానం మాస్టారు, రిటైరైన హెడ్‌మాస్టరు. మా కేంద్రం సలహా సంఘంలో కూడా సభ్యుడు. రూతు వీపు మీద బ్యాగు చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "ఏమ్మా, లెదరా? ఫారినా? ఎంత బాగుంది!" అంటూ చేత్తో నిమిరాడు. పక్కవాళ్ళను పిలిచి చూపించాడు. రూతు మురిసిపోయి మూత తెరిచి, లోపలి పేరు చూపించింది.

మాస్టారు కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. "మన ఇస్సాకా? చెప్పుల ఇస్సాకా?" చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఓహో, తోలు సంచా. మరి ఇది లోపలికెందుకు దెచ్చినావమ్మా? చెప్పుల కాడ పెట్టు."

అదే బ్యాగు. అదే చెయ్యి. మధ్యలో గడిచింది ఒక పేరు చదివేంత సేపు.

గిటారైనా లోపల ఉంచుకుంటానని రూతు అంది. స్టేజీ మీద వైర్లకు అడ్డమనీ, వంతు వచ్చినప్పుడు తెచ్చుకోవచ్చనీ ఆయన చెప్పాడు. కూతురి వెంట వచ్చిన మార్తమ్మ మాత్రం ఊరుకోలేదు. "మాస్టరన్నా, నీ చంకలో బైబిలుకు అట్ట ఏంది? నీ నడుముకు బెల్టు ఏంది? అయ్యి గూడా చెప్పుల కాడ పెట్టి రా, అప్పుడు మా పిల్ల పెడతాది" అంది.

"అది లెదరమ్మా. అది వేరే" అన్నాడు మాస్టారు.

చుట్టూ ఉన్నవాళ్ళలో కొందరు నవ్వారు. ఆ నవ్వు ఎవరి మీదో తేలకముందే రూతు బ్యాగు తీసుకెళ్ళి షామియానా బయట చెప్పుల వరస పక్కన ఆనించి వచ్చింది. మొదటి అవకాశం, పోగొట్టుకోలేదు కదా.

నేను ముందు వరసలో కూర్చునే ఉన్నాను. ఎందుకు నోరు మెదపలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. భయం కాదు. నాకు అది మామూలు మాటలాగే వినిపించింది. మాది మార్కాపురంలో కిరాణా దుకాణం. ర్యాంకు ప్రకారం దొరికిన సీటని తోలు చదువు చదివాను. సెలవుల్లో ఇంటికి వస్తే నా నమూనాల పెట్టె చూసి మా అమ్మ "అది బయటనే పెట్టు నాయనా" అనేది. అన్నేళ్ళూ ఆ పెట్టె మా ఇంటి గడప బయట చెప్పుల పక్కనే ఉంది. నా ఉద్యోగం లోపలికి వచ్చి భోంచేసేది, నా వృత్తి బయట ఉండేది. నాకు అందులో తప్పు కనిపించలేదు. కనిపించనివాణ్ణి ఇంకొకరి తప్పు ఎట్లా పట్టుకుంటాను?

మే నెల గిద్దలూరు ఎండ గురించి ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. పొద్దున షామియానా నీడ చెప్పుల మీద ఉంది. మధ్యాహ్నానికి పక్కకు జరిగిపోయింది. సాయంత్రం రూతు వంతు వచ్చి బ్యాగు తెరిస్తే గిటారు బ్రిడ్జి లేచిపోయి ఉంది. తీగల చివర్లను పట్టి ఉంచే చెక్క పట్టీని బ్రిడ్జి అంటారు. జిగురు వేడికి మెత్తబడింది, తీగలు లాగేశాయి. పట్టీ కింద పోస్టుకార్డు దూరేంత సందు. ఆ సాయంత్రం కీబోర్డు ఒక్కటే మోగింది. రూతు పాటలైపోయేదాకా స్టేజీ మెట్ల మీద గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నేను జెప్పలా? తోలు వేడికి గిటారు ఉడికిపోయింది" అని మాస్టారు మైకు ఆపకుండానే అన్నాడు. రెండు వేల చెవులు విన్నాయి.

తర్వాతి సలహా సంఘం సమావేశంలో ఈ విషయం ఆయనే ఎత్తాడు. బోధకులు సమావేశంలో కూర్చోకూడదు కాబట్టి ఇస్సాకు తలుపు దగ్గర నిలబడ్డాడు. మాస్టారు నన్ను అడిగాడు: "సార్, మీరు చదువుకున్నోళ్ళు. తోలుకు వేడి పట్టే గుణం ఉందా, లేదా? ఒక్క ముక్క చెప్పండి."

"ఉంది" అన్నాను.

"ఎండలో పెట్టించింది ఎవురో అదీ చెప్పండి సార్" అన్నాడు ఇస్సాకు తలుపు దగ్గర నుంచి. నేను ముందున్న కాగితాల వైపు చూశాను.

ఇప్పుడు పూర్తిగా చెబుతున్నాను. ఎండలో పెట్టిన ప్రతి వస్తువుకూ వేడి పట్టే గుణం ఉంటుంది. ఇనుముకు ఉంది, గుడ్డకు ఉంది, మాస్టారు బట్టతలకూ ఉంది. తోలు, ఫోము వేడిని ఆలస్యం చేస్తాయి, రోజంతా ఆపలేవు. పాత గుడ్డ సంచిలో ఉంటే ఆ గిటారు మధ్యాహ్నానికే పోయేది. బ్యాగులో లోపం లేదు. తోలులో లోపం లేదు. కుట్టులో లోపం లేదు. గిటారును పాడుచేసింది దాన్ని పెట్టించిన చోటు. దానికి బాధ్యుడు దేవదానం మాస్టారు. ఒక్క ముక్కలో సగం నిజం చెప్పి ఆయనకు సాక్ష్యం ఇచ్చింది నేను.

సంఘాల నుంచి బ్యాగుల పని రాలేదు. ఇస్సాకు కాంట్రాక్టు పొడిగించలేదు. రూతు గిటారును ఒంగోలులో బాగు చేయించుకుంది. ఆ బ్యాగు ఇప్పటికీ ఆమె వీపు మీదే ఉంది. ఒక్క కుట్టు వదల్లేదు. పోయిన నెల తనిఖీ చేసి చెబుతున్నాను.

ఇస్సాకు ఇప్పుడు పొదిలిలో ఆటోలకు రెగ్జిన్ సీటు కవర్లు కుడుతున్నాడు. ఇది రాయబోతున్నానని చెప్పడానికి వెళ్ళాను. మిషను ఆపలేదు. "ఇప్పుడా సార్ గుర్తొచ్చింది?" అన్నాడు. సీటు కవరు అంచు మడిచి కుడుతూ తనే మళ్ళీ అన్నాడు: "రాయండి. రాసేటప్పుడు తోలు అనే రాయండి. లెదర్ అని రాయబాకండి." రేపటి నుంచి చెప్పుల ఇస్సాకు అన్నా తనకేం అభ్యంతరం లేదట, చెప్పులు కూడా బాగానే కుట్టేవాణ్ణని అన్నాడు.

ఈ ఉదంతం నాకు నేర్పింది వృత్తికి సంబంధించిన విషయమే. తనిఖీదారు వస్తువును మాత్రమే చూసి నివేదిక ఇస్తే అది సగం నివేదిక. ఆ వస్తువును ఎక్కడ ఉంచారో, ఎవరు ఉంచమన్నారో కూడా అందులో ఉండాలి. గిటారుకు తోలు బ్యాగు ఎంచుకునేవాళ్ళు అంచు చూడండి, వేలితో నొక్కండి, పట్టీలు లాగి చూడండి. వాయించడానికి ఎవరైనా పిలిస్తే, బ్యాగు ఎక్కడ పెట్టుకోవాలని ముందే అడగండి. చెప్పుల దగ్గర అంటే వెళ్ళకండి.