అక్క మజ్జిగ మీద పడిన నింద

మా అక్క పోయి రెండు వారాలైంది. అక్కంటే తోడబుట్టినది కాదు, తోడికోడలు. బెంగళూరు ఆసుపత్రి నుంచి బావగారి కబురు తెచ్చినతను "నిద్రలోనే పోయిందమ్మా, నొప్పి గిప్పి లేకుండా" అన్నాడు. నాకు మొదట ఏడుపు రాలేదు. చావులో కూడా ఈమెకే అదృష్టమా అనిపించింది. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడంటారు. నేను అట్లా పొగడడానికి కూర్చోలేదు. పదిహేనేళ్ళు ఆమెను చూసి కుళ్ళుకున్నాను. అది దాచిపెడితే ఆమె గురించి ఒక్క నిజం కూడా రాయలేను.

సర్జాపుర పక్కన మా మామగారి తోటను అన్నదమ్ములు చెరిసగం పంచుకున్నారు. మధ్యలో కాలువ. బావగారు చిన్న పండ్ల పాత ఏలక్కి అరటినే ఉంచుకున్నారు. డెబ్బైల చివర్లో ఒక ఏజంటు వచ్చి, పొడుగు పచ్చరటి పెడితే ఓడలెక్కించి పరాయి దేశాలకు పంపుతానన్నాడు. మా ఆయన తోటంతా మార్చేశాడు. కాయ మీద చీమతలంత మచ్చ ఉన్నా ఆ ఏజంటు గెలను పక్కన పారేసేవాడు. అందుకని వారం వారం మందు. మా ఆయన ఒంటి మీద చొక్కా కూడా లేకుండా, ఒట్టి చేతులతో కలిపి కొట్టేవాడు. ఏడాది తిరిగేసరికి తోటలో కప్పల అరుపు ఆగిపోయింది. రెండేళ్ళకు ఆయన చేతిలో కాఫీ లోటా నిలిచేది కాదు. ఆ పండ్లు ఏ దేశంలో ఎవరు తిన్నారో మాకు ఇప్పటికీ తెలియదు.

ఊళ్ళో మొదటి మోపెడ్ మాదే. అయినా నా కళ్ళు కాలువ అవతలే ఉండేవి. తేనెటీగలు వాళ్ళ చెట్ల మీదే. ఎవరింట్లో శుభకార్యమైనా వాళ్ళ తోట ఆకులే, ఆమె చేతి మజ్జిగే. అల్లం, కరివేపాకు నలిపి వేసి, పంక్తిలో తానే తిరిగి పోసేది. "మజ్జిగ అడిగి పొయ్యగూడదు చెల్లీ, ఆకు చూసి పొయ్యాల" అనేది. నా కన్నకొడుకు మా గెలలు వదిలేసి, ఆమె ఒళ్ళో కూర్చుని మచ్చల పండు తినేవాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని నవ్వి ఊరుకునేదాన్ని కాదు నేను. వీపు మీద ఒకటేసి లాక్కొచ్చేదాన్ని.

వాడి పుట్టువెంట్రుకల రోజు భోజనాలకు ఆమె తన ఆకులు కోసి, కట్ట కట్టి తెచ్చింది. నేను తీసుకోలేదు. "మాకూ తోట ఉండాదిలే అక్కా" అన్నాను. ముందు రోజే మందు కొట్టారని నాకు తెలుసు. కడిగితే పోతుందనుకున్నాను. పెద్ద పెద్ద ఆకులు, నిగనిగలాడుతున్నాయి, ఒక్క చిరుగు లేదు. పంక్తిలో అందరూ మెచ్చుకుంటుంటే నా కడుపు చల్లబడింది.

గంట తిరగకుండానే వాంతులు మొదలయ్యాయి. పెద్దవాళ్ళు తట్టుకున్నారు. నా కొడుకు కళ్ళు తేలేశాడు, నోట నురుగు. అక్కే వాణ్ణి భుజాన వేసుకుని బస్సెక్కింది, నేను వెనకాలే పరిగెత్తాను. ఏం తిన్నాడని డాక్టరు నన్నడిగితే ఆమే చెప్పింది. "అరిటాకులో తిన్న్యాడు సార్. తోటకు నిన్ననే మందు కొట్టినారు." ఆ మాటతోనే వాడు బతికాడు.

ఇంటికొచ్చేసరికి మా అత్తగారు గడపలో నిలబడి ఉన్నారు. "ఏం పెట్టి చంపబోతిరే నా మనవణ్ణి?"

అక్క నా వైపు చూడలేదు. "నా మజ్జిగే అత్తా. గుండిగకు కళాయి పోయిండాది, చూసుకోలేదు."

కళాయి పోయిన ఇత్తడిలో మజ్జిగ పోస్తే విషమవుతుందని మా వాళ్ళందరికీ తెలుసు. ఇట్టే నమ్మేశారు. తర్వాత కాలువ గట్టున పట్టుకుని "ఎందుకట్ల చెప్తివి?" అని అడిగాను. "కన్నతల్లే విషం పెట్టిందనే మాట వాడు పెద్దయి వినగూడదు. ఇంక చాలు, వదిలెయ్" అంది.

వదిలేశాను. అదే నా పాపం. ఆ తర్వాత ఏ పెళ్ళిలోనూ ఆమెను మజ్జిగ ముట్టనివ్వలేదు. ఆ పని నాకొచ్చింది. ఆరేళ్ళు నేనే పోశాను. ఆమె పంక్తి చివర కూర్చుని, నేను పోసింది తాగి, "ఉప్పు కొంచెం తక్కువుండాది చెల్లీ" అనేది, అంతే. ఒక్కసారైనా తిట్టి ఉంటే బాగుండేది. ఆమె స్థానం నాకు దొరికాక కూడా కుళ్ళు తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఈలోగా మా తోటకు తెగులొచ్చి నిలువునా ఎండిపోయింది, కాలువ దాటి వాళ్ళ చెట్లకూ అంటుకుంది. ఏజంటు మళ్ళీ ఈ దిక్కు చూడలేదు. అప్పుడూ ఆమె నన్ను ఒక్క మాట అనలేదు.

పదకొండో రోజు భోజనాల్లో బంధువులంతా ఉన్నారు. ఎవరో ముసలామె, "పాపం మంచిదే, ఆ మజ్జిగ ఒకటి తప్ప" అంది. నేను లేచి నిలబడ్డాను. "అక్క మజ్జిగలో ఏమీ లేదు. ఆ రోజు విషముండింది నేను కోసిన ఆకుల్లో" అన్నాను. మా ఆయన వణికే చేత్తో నా కొంగు లాగాడు.

ఎదురు పంక్తిలో ఉన్న నా కొడుక్కి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. కలిపిన ముద్ద వదిలేసి, నన్ను చూశాడు. తర్వాత "పెద్దమ్మా" అని ఏడ్చాడు. అంత ఏడుపులోనూ పిలిచింది ఆమెనే. నాకు మళ్ళీ కడుపు మండింది. దగ్గరికి వెళ్ళి కన్నీళ్ళు తుడవబోతే, వాడు ఎంగిలి చెయ్యి అడ్డం పెట్టి, ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.